వర్చువల్ మెషీన్ డిస్కులలో ఫైల్ సిస్టమ్ సమగ్రత: క్రమం, యాజమాన్యం, సరిచూపు

వ్యాససంగ్రహం:
వర్చువల్ మెషీన్‌లో నడిచే ఫైల్ సిస్టమ్‌కు తాను వాడుతున్న డిస్క్ కల్పితమైనదని తెలియదు. నిజమైన డిస్క్‌పై పెట్టుకొనే రెండు నమ్మకాలనే అది ఇక్కడా పెట్టుకొంటుంది. ‘భద్రపరిచాను’ అని డిస్క్ చెప్పినది నిజంగా భద్రమై ఉంటుందన్నది మొదటి నమ్మకం. ఆ డిస్క్‌ను తాను తప్ప మరెవరూ మార్చరన్నది రెండవది. వర్చువల్ మెషీన్లలో డేటా చెడిపోవడాన్ని ఈ రెండు నమ్మకాల భంగంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్యాష్ రీతులు, ఇమేజ్ ఫైల్ నిర్మాణం, స్నాప్‌షాట్లు, చెక్‌సమ్‌లు, చెడిన డిస్క్‌ను బాగుచేసే క్రమం ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: వర్చువల్ మెషీన్, ఫైల్ సిస్టమ్, జర్నల్, ఫ్లష్, క్యాష్, స్నాప్‌షాట్, చెక్‌సమ్.

1. ప్రవేశిక

ఒకే కంప్యూటర్‌పై పలు కంప్యూటర్లు ఉన్నట్లు చూపే పద్ధతిని వర్చువలైజేషన్ అంటారు. అసలు యంత్రం హోస్ట్. దానిపై నడిచే కల్పిత యంత్రం గెస్ట్. రెండింటి నడుమ ఉండి వనరులను పంచిపెట్టే ప్రోగ్రామ్ హైపర్‌వైజర్. గెస్ట్ తన డిస్క్‌గా భావించేది చాలాసార్లు హోస్ట్‌లోని ఒక పెద్ద ఫైల్ మాత్రమే. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులు లినక్స్ నేర్చుకొనే యంత్రం మొదలుకొని, విశ్వవిద్యాలయ సర్వర్‌పై పరిశోధన గ్రంథాల భాండాగారాన్ని నడిపే యంత్రం వరకు ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సేకరించిన క్షేత్రపర్యటన రికార్డింగులైనా, పదసూచికలైనా, ప్రయోగ ఫలితాలైనా చివరకు ఆ ఒక్క ఫైల్‌లోనే ఒదిగి ఉంటాయి.

జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో ప్రచురించిన పత్రంలో వర్చువల్ మెషీన్‌కు ఉండవలసిన లక్షణాలను నిర్వచించారు. వాటిలో మొదటిది సమానత్వం. కాలవ్యవధిలోనూ వనరుల లభ్యతలోనూ తేడా ఉండవచ్చు కాని, ప్రోగ్రామ్ నడవడి మాత్రం అసలు యంత్రంపై ఉన్నట్లే ఉండాలి. వారి చర్చ ప్రధానంగా ప్రాసెసర్ ఆదేశాలకు సంబంధించినది. అయినా ఆ లక్షణాన్ని డిస్క్‌కు అన్వయించి చూస్తే, నేటి హైపర్‌వైజర్లు వేగం కోసం ఎక్కడ రాజీపడుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది.

సమస్య కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లో ప్రకటించిన వీఎం/370 వ్యవస్థలో ఒక పెద్ద డిస్క్‌ను ముక్కలు చేసి, ఒక్కొక్క వాడుకరికి ఒక ‘మినీడిస్క్’ ఇచ్చేవారు. ఒకే మినీడిస్క్‌ను ఇద్దరు ఒకేసారి రాయగలిగేటట్లు జతచేసుకొనే వీలు కూడా దాని లింక్ ఆదేశంలో ఉండేది. గెస్ట్‌గా నడిచే సీఎంఎస్ ఫైల్ సిస్టమ్‌కు మాత్రం ఇద్దరు రాసేవారిని సమన్వయపరిచే శక్తి లేదు. వాడుకరులు అప్పుడే నేర్చుకోవలసి వచ్చిన ఆ జాగ్రత్త నేటి ల్యాప్‌టాప్‌లపైనా అక్షరాలా అవసరమే.

2. ఫైల్ సిస్టమ్ నమ్మే మాట

ఒక ఫైల్ చివర నాలుగు కిలోబైట్ల సమాచారం చేర్చడం వాడుకరికి ఒక్క పని. ఫైల్ సిస్టమ్‌కు అది కనీసం మూడు రాతలు. కొత్త సమాచారాన్ని ఒక ఖాళీ బ్లాక్‌లో రాయాలి. ఆ బ్లాక్ ఈ ఫైల్‌కు చెందుతుందని ఐనోడ్‌లో నమోదు చేయాలి. అది ఇక ఖాళీ కాదని బ్లాకుల పట్టికలో గుర్తించాలి. ఈ మూడూ డిస్క్‌పై మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి. మూడింటినీ ఒక్క వేటున రాసే శక్తి డిస్క్‌కు లేదు. మధ్యలో కరెంటు పోతే ఏ రెండు రాతలు పూర్తయ్యాయన్న దానిని బట్టి నష్టం మారుతుంది. ఐనోడ్ మారి సమాచారం రాకపోతే, ఎప్పుడో తొలగించిన మరొక ఫైల్ తునకలు ఈ ఫైల్‌లో ప్రత్యక్షమవుతాయి. పట్టిక మారకపోతే అదే బ్లాక్‌ను ఫైల్ సిస్టమ్ రేపు ఇంకొక ఫైల్‌కు ఇస్తుంది. అప్పుడు ఒకరి పొలం ఇద్దరికి రిజిస్టరు అయినట్లే. ఈ రెండవ రకం నష్టం వెంటనే బయటపడదు కనుక మరింత ప్రమాదకరం.

దీనికి విరుగుడుగా వచ్చినది జర్నల్. పాత వ్యాపారుల లెక్కల పద్ధతి తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. గుమాస్తా రోజువారీ లావాదేవీని ముందు చిట్టాలో రాసి, ఆ తరువాతే ఆవర్జాలో ఆయా పద్దుల కిందికి ఎక్కిస్తాడు. ఎక్కించడం మధ్యలో ఆగిపోయినా చిట్టా చూసి తిరిగి పూర్తి చేయవచ్చు. ఫైల్ సిస్టమ్ కూడా చేయబోయే మార్పులను ముందు జర్నల్‌లో రాసి, చివర ‘ఈ నమోదు పూర్తయింది’ అన్న ముద్ర వేసి, ఆపైనే అసలు స్థానాలలోకి మారుస్తుంది. యంత్రం హఠాత్తుగా ఆగి తిరిగి మొదలైనప్పుడు ముద్ర ఉన్న నమోదులను అమలు చేస్తుంది; లేనివాటిని వదిలివేస్తుంది.

ఈ పద్ధతి భద్రత అంతా క్రమంలోనే ఉంది. నమోదు కంటె ముందు ముద్ర పడకూడదు. ముద్ర కంటె ముందు ఆవర్జా మారకూడదు. డిస్క్ మాత్రం ఈ క్రమాన్ని తనంతట తాను పాటించదు. దానికి సొంత క్యాష్ ఉంటుంది. అందిన రాతలను అందులో ఉంచుకొని, వెంటనే ‘అయింది’ అని సమాధానమిచ్చి, తనకు అనుకూలమైన క్రమంలో తరువాత పళ్ళెంపైకో ఫ్లాష్ కణాలలోకో చేరుస్తుంది. అందువల్ల క్రమం తప్పనిసరి అయిన చోట ఫైల్ సిస్టమ్ ‘ఫ్లష్’ అన్న ఆదేశం పంపుతుంది. ఇంతవరకు అందినదంతా శాశ్వత స్థానానికి చేరిన తరువాతే బదులివ్వాలని దాని అర్థం. లినక్స్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఈ ఆదేశాలను అప్రమేయంగానే పంపుతుంది. దానికి ముందుతరమైన ఈఎక్స్‌టీ3 చాలాకాలం అలా పంపేది కాదు. వేగం పేరుతో వీటిని ఆపివేసే మౌంట్ ఐచ్ఛికం ఈఎక్స్‌టీ4లో నేటికీ ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ నిర్వాహకులు దానిని తొలగించారు. రెండవవారి నిర్ణయమే సబబైనది.

జర్నల్ సాధారణంగా కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్నే. అందులోని వ్యాసాన్నీ పట్టికనూ కాపాడే బాధ్యత అప్లికేషన్‌దే. అందుకు అది ‘ఎఫ్‌సింక్’ అన్న పిలుపును సరైన చోట వాడాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, విస్తృతంగా వాడుకలో ఉన్న 11 అప్లికేషన్లను పరిశీలించి, హఠాత్తుగా యంత్రం ఆగినప్పుడు డేటా చెడిపోవడానికి దారితీయగల 60 లోపాలను గుర్తించారు. కింది పొరలన్నీ మాట నిలబెట్టుకొన్నా పైపొరలో లోపం ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. కింది పొరలే మాట తప్పితే పైపొర ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రయోజనం లేదన్నది తరువాతి విషయం.

3. మాట తప్పే చోట్లు

నిజమైన యంత్రంలో ఫ్లష్ ఆదేశం ఫైల్ సిస్టమ్ నుంచి డిస్క్‌కు నేరుగా చేరుతుంది. వర్చువల్ మెషీన్‌లో దాని దారి పొడవైనది. గెస్ట్ ఫైల్ సిస్టమ్ దానిని కల్పిత డిస్క్‌కు పంపుతుంది. హైపర్‌వైజర్ అందుకొని హోస్ట్‌లోని ఇమేజ్ ఫైల్‌పై ఎఫ్‌సింక్ వంటి పిలుపుగా మార్చాలి. హోస్ట్ ఫైల్ సిస్టమ్ తన పేజీ క్యాష్‌లో ఉన్నదానిని డిస్క్‌కు పంపి, మరల అసలు డిస్క్‌కు ఫ్లష్ ఇవ్వాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా గెస్ట్‌కు ‘అయింది’ అన్న సమాధానమే అందుతుంది. అబద్ధమని తెలుసుకొనే మార్గం గెస్ట్‌కు లేదు.

క్యూఎము హైపర్‌వైజర్ ఈ విషయంలో ఐదు క్యాష్ రీతులను ఇస్తుంది. వాటి పేర్లు తప్పుదోవ పట్టించేవిగా ఉండడం విచారకరం. ‘నన్’ అన్న రీతిలో క్యాష్ ఏదీ లేదని పలువురు అనుకొంటారు. అది తప్పించేది హోస్ట్ పేజీ క్యాష్‌ను మాత్రమే. అసలు డిస్క్‌లోని క్యాష్ యథాతథంగా ఉంటుంది. కనుక ఫ్లష్ ఆదేశాల అవసరం అక్కడా ఉంది, అవి కిందికి చేరతాయి కూడా. ‘రైట్‌బ్యాక్’ పేరు వినగానే భయపడేవారున్నారు. అప్రమేయమైన ఆ రీతిలో రాతలు హోస్ట్ పేజీ క్యాష్‌లో ఆగుతాయి, నిజమే. కాని గెస్ట్ ఫ్లష్ పంపగానే హైపర్‌వైజర్ వాటిని డిస్క్‌కు చేరుస్తుంది. ఫ్లష్‌లను సక్రమంగా పంపే నేటి ఫైల్ సిస్టమ్‌లకు అది సురక్షితమైనదే. ‘రైట్‌త్రూ’లో ప్రతి రాత వెంటనే భద్రమవుతుంది కనుక నెమ్మది; ఫ్లష్ పంపడం తెలియని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అది తగినది. ‘డైరెక్ట్‌సింక్’ ఆ భద్రతనే హోస్ట్ పేజీ క్యాష్‌ను తప్పించి ఇస్తుంది. ఐదవది ‘అన్‌సేఫ్’. ఇది ఫ్లష్ ఆదేశాలను అందుకొని, ఏమీ చేయకుండా, అయిందని బదులిస్తుంది. పేరులోనే ప్రమాదాన్ని చెప్పుకొన్న నిజాయితీ దీనిది. పరీక్ష కోసం సృష్టించి గంటలో పారవేసే యంత్రాలకు తప్ప వాడదగినది కాదు.

వర్చువల్‌బాక్స్ విషయం వేరు. ఐడీఈ, సాటా కల్పిత డిస్కులకు గెస్ట్ పంపే ఫ్లష్ అభ్యర్థనలను వేగం కోసం సాధారణంగా పట్టించుకోబోమని దాని వాడుకరి గ్రంథమే చెబుతుంది. వాటిని గౌరవించవలెనంటే ‘ఇగ్నోర్‌ఫ్లష్’ అన్న అమరికను ఒక్కొక్క డిస్క్‌కు సున్నాగా మార్చాలి. సాధారణ కిటికీలలో ఎక్కడా కనిపించని ఈ అమరికను ఆదేశపంక్తి ద్వారానే మార్చవలసి ఉంటుంది. పాఠశాలలలోనూ కళాశాలలలోనూ తరచు కనిపించే హైపర్‌వైజర్‌లో అప్రమేయ రీతి ఇలా ఉండడం గమనింపదగినది. అధ్యయనానికి వాడే యంత్రానికి అది చాలు. పరిశోధన డేటా ఉంచే యంత్రానికి చాలదు.

ఈ లోపం ఏళ్ళ తరబడి బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ కూలిపోయినా, హైపర్‌వైజర్ ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపివేసినా, అప్పటికే హోస్ట్ పేజీ క్యాష్‌కు చేరిన రాతలు పోవు. హోస్ట్ వాటిని తీరిగ్గా డిస్క్‌కు చేరుస్తుంది. కనుక గెస్ట్‌ను పదిసార్లు ‘రీసెట్’ చేసి చూసి, ఫైల్ సిస్టమ్ దృఢంగా ఉందని తీర్మానించడం తప్పు. ఆ పరీక్ష జరపవలసినది హోస్ట్ కరెంటు తీసివేసి. హోస్ట్ కెర్నల్ కూలినప్పుడు, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసినప్పుడు మాత్రమే నిర్లక్ష్యం చేసిన ఫ్లష్‌ల బాకీ ఒక్కసారిగా మీద పడుతుంది.

అబద్ధాన్ని పట్టుకొనేందుకు సులభమైన లెక్క ఒకటి ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒకే బ్లాక్‌ను రాసి, ఎఫ్‌సింక్ చేసి, మరల దానినే రాసే ప్రోగ్రామ్‌కు ప్రతిసారీ ఆ చోటు తిరిగి తల కిందికి వచ్చేదాకా ఆగక తప్పదు. బ్యాటరీ రక్షణ గల కంట్రోలర్ లేని అటువంటి డిస్క్‌పై, గెస్ట్‌లో సెకనుకు వేల ఎఫ్‌సింక్‌లు పూర్తవుతున్నాయంటే దారిలో ఎవరో మాట తప్పుతున్నారు. ఫ్లాష్ డిస్కులకు ఈ లెక్క వర్తించదు. వాటికి బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన ‘డిస్క్‌చెకర్’ పద్ధతి ఉపయోగపడుతుంది. పరీక్షకు గురయ్యే యంత్రం ఒక్కొక్క ఎఫ్‌సింక్ పూర్తికాగానే ఆ సంగతిని నెట్‌వర్క్ ద్వారా రెండవ యంత్రానికి చెబుతుంది. మధ్యలో మొదటిదాని కరెంటు తీసివేస్తారు. తిరిగి మొదలైన తరువాత, భద్రపరిచానని సాక్షికి చెప్పినవన్నీ నిజంగా ఉన్నాయో లేదో సరిచూస్తారు. సాక్షి వేరే యంత్రంలో ఉండడమే ఇందులోని కీలకం.

4. ఒకే ఒరలో రెండు కత్తులు

ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎన్‌టీఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు డిస్క్‌కు తామే ఏకైక యజమానులమని భావిస్తాయి. బ్లాకుల పట్టికను ఒకసారి చదివి మెమరీలో ఉంచుకొంటాయి. డిస్క్‌పై అది మారి ఉండవచ్చునన్న అనుమానం వాటికి రాదు. గెస్ట్ నడుస్తుండగానే దాని ఇమేజ్‌ను హోస్ట్‌లో మౌంట్ చేసి ఒక ఫైల్‌ను తెచ్చుకోవాలన్న ఆలోచన చాలామందికి సహజంగా కలుగుతుంది. రాసే అనుమతితో అలా చేస్తే రెండు కెర్నళ్ళు రెండు పట్టికలతో ఒకే స్థలాన్ని పంచిపెట్టడం మొదలుపెడతాయి.

చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తే ప్రమాదం లేదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. జర్నల్‌లో ముగియని నమోదులు ఉంటే, చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 వాటిని డిస్క్‌పై అమలు చేస్తుంది. నడుస్తున్న గెస్ట్ డిస్క్‌లో అటువంటి నమోదులు ఉండడం మామూలే. జర్నల్‌ను ముట్టవద్దని చెప్పే ‘నోలోడ్’ ఐచ్ఛికమో, డిస్క్ స్థాయిలోనే రాతలను నిషేధించే ఏర్పాటో ఉంటేనే గెస్ట్‌కు హాని ఉండదు. అప్పుడు కూడా చదివేవారికి కనిపించేది మారుతున్న డిస్క్ కనుక పొందికలేని దృశ్యమే కావచ్చు.

ఇంతకంటె మోసకరమైనది నిద్రపుచ్చిన యంత్రం. గెస్ట్ స్థితిని భద్రపరిచి ఆపినప్పుడు దాని మెమరీ యావత్తూ ఒక ఫైల్‌గా నిలిచిపోతుంది. ఆ మెమరీలో ఫైల్ సిస్టమ్ పట్టికలు, ఇంకా రాయని పేజీలు అన్నీ ఉంటాయి. చూడడానికి యంత్రం ఆగి ఉంది. డిస్క్‌ను ఎవరూ వాడడం లేదు. ఈ సమయంలో ఎవరైనా ఆ డిస్క్‌ను మరొక యంత్రానికి తగిలించి, రెండు ఫైళ్ళు చేర్చి, పద్ధతి ప్రకారం విడదీశారనుకొందాం. ఆ ఇద్దరి పనిలోనూ తప్పు కనిపించదు. కాని నిద్రలేచిన గెస్ట్ తన పాత పట్టికనే నమ్ముతుంది. కొత్త ఫైళ్ళు ఆక్రమించిన బ్లాకులు దాని దృష్టిలో ఖాళీ. వాటిని మరల పంచుతుంది. పాత పట్టికను కొత్తదానిపై రాసివేస్తుంది. కాసేపటికి రెండు వైపుల ఫైళ్ళూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. కనుక డిస్క్‌ను విడిగా తెరవడానికి ముందు గెస్ట్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, నిద్ర చాలదు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకొని, ఆ విండోస్ విభాగాన్నే లినక్స్‌లోని వర్చువల్ మెషీన్ ద్వారా తెరిచేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ సదుపాయం వల్ల షట్‌డౌన్‌గా కనిపించేది నిజానికి పాక్షిక నిద్రే.

హైపర్‌వైజర్లు కొంత కాపలా కాస్తాయి. క్యూఎము 2017లో వచ్చిన 2.10 రూపాంతరం నుంచి ఇమేజ్ ఫైల్‌కు తాళం వేస్తుంది. అదే ఇమేజ్‌తో రెండవ గెస్ట్‌ను మొదలుపెట్టబోతే నిరాకరిస్తుంది. అయితే అది మర్యాద పాటించేవారికే అడ్డువచ్చే తాళం. హోస్ట్‌లో లూప్ పరికరం ద్వారా మౌంట్ చేసేవారిని అది ఆపలేదు. ఈఎక్స్‌టీ4లోని ‘మల్టిపుల్ మౌంట్ ప్రొటెక్షన్’ గుర్తును చేతనం చేస్తే మౌంట్ చేసిన యంత్రం తన ఉనికిని డిస్క్‌పైనే తరచు నమోదు చేస్తుంది. రెండవ యంత్రం దానిని చూసి వెనుదిరుగుతుంది. నిజంగానే ఇద్దరు రాయవలసి ఉంటే జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు అందుకోసమే ఉన్నాయి. హోస్ట్, గెస్ట్ నడుమ ఫైళ్ళు మార్చుకోవడమే కోరిక అయితే అంత దూరం పోనక్కరలేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ గాని, హైపర్‌వైజర్ ఇచ్చే షేర్డ్ ఫోల్డర్ గాని చాలు. అక్కడ డిస్క్‌కు యజమాని ఒక్కరే. రెండవవారు ఆ యజమానిని అడిగి తీసుకొంటారు.

5. ఇమేజ్ ఫైల్ లోపలి పొర

ఇమేజ్‌ను ‘రా’ రూపంలో ఉంచితే గెస్ట్ డిస్క్‌లోని పదవ బ్లాక్ ఫైల్‌లోనూ పదవ బ్లాకే. క్యూకౌ2 వంటి రూపాలలో అలా కాదు. రాసినంతమేరకే ఫైల్ పెరగడానికీ స్నాప్‌షాట్లకూ వీలుగా, గెస్ట్ చిరునామాను ఫైల్‌లోని చిరునామాగా మార్చే రెండంచెల పట్టికలు ఇమేజ్ లోపల ఉంటాయి. అంటే గెస్ట్ ఫైల్ సిస్టమ్ కింద, హోస్ట్ ఫైల్ సిస్టమ్ పైన, మూడవ చిన్న ఫైల్ సిస్టమ్ ఒకటి దాగి ఉంది. అప్రమేయంగా క్లస్టర్ పరిమాణం 64 కిలోబైట్లు. రెండవ అంచె పట్టిక ఒక్కటి ఒక క్లస్టర్‌లో పడుతుంది. ఒక్కొక్క పద్దుకు 8 బైట్లు చొప్పున అందులో 8192 పద్దులు ఉంటాయి. ఒక్కొక్క పద్దు ఒక క్లస్టర్‌ను చూపుతుంది కనుక అటువంటి ఒక్క పట్టిక చెడితే గెస్ట్ డిస్క్‌లో 512 మెగాబైట్ల ప్రాంతం దారి తప్పుతుంది. 64 కిలోబైట్ల నష్టం అంతగా విస్తరిస్తుంది. ఫ్లష్‌ల క్రమం ఈ పొరకూ ప్రాణాధారమే.

‘క్యూఎము-ఇమేజ్ చెక్’ ఆదేశం ఈ పట్టికలను సరిచూసి రెండు రకాల లోపాలను వేరుచేసి చెబుతుంది. ‘లీక్’ అంటే ఎవరికీ చెందని క్లస్టర్లు. స్థలం వృథా తప్ప డేటాకు హాని లేదు. ‘కరప్షన్’ అంటే నిజమైన నష్టం. గెస్ట్ నడుస్తుండగా ఇమేజ్‌ను మరమ్మతు చేయకూడదు. అలాగే ఒక మూల ఇమేజ్‌పై పలు పైపొరలను నిర్మించినప్పుడు మూలాన్ని ఆ తరువాత తెరిచి మార్చకూడదు. ప్రయోగశాలలో ముప్ఫై గెస్ట్‌లకు ఒకే మూలం ఉండి, దానిని ‘అప్‌డేట్’ చేయడానికి ఒకసారి మొదలుపెడితే ముప్ఫై పైపొరలూ ఒకేసారి అర్థం కోల్పోతాయి. మూలాన్ని చదవడానికి మాత్రమే అనుమతించే ఫైల్‌గా మార్చి ఉంచడం తేలికైన రక్షణ.

రాసినకొద్దీ పెరిగే ఇమేజ్‌లతో మరొక చిక్కు ఉంది. గెస్ట్‌కు వంద గిగాబైట్లు ఖాళీ ఉన్నట్లు కనిపిస్తుండగానే హోస్ట్ డిస్క్ నిండిపోవచ్చు. క్యూఎము అప్రమేయంగా అటువంటి స్థితిలో గెస్ట్‌ను స్తంభింపజేస్తుంది. హోస్ట్‌లో స్థలం కల్పించి కొనసాగించవచ్చు. ఇది మంచి నడవడి. దోషాన్ని గెస్ట్‌కే నివేదిస్తే ఏమవుతుందో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నిర్మాతలు 2018లో వెలికితీసిన సంగతి చెబుతుంది. పేజీని డిస్క్‌కు చేర్చడంలో విఫలమైన లినక్స్ కెర్నల్ ఎఫ్‌సింక్‌కు ఒకసారి దోషం చెప్పి, ఆ పేజీని రాసినట్లే గుర్తించేది. అప్లికేషన్ రెండవసారి ఎఫ్‌సింక్ చేస్తే విజయమన్న సమాధానం వచ్చేది, డేటా మాత్రం ఎక్కడా ఉండదు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఎఫ్‌సింక్ విఫలమైతే మరల ప్రయత్నించక, పని ఆపి, తన లాగ్ నుంచి కోలుకొనే పద్ధతిని అవలంబించింది.

6. ప్రతి తీయడంలో కాలం

నడుస్తున్న గెస్ట్ ఇమేజ్‌ను మామూలు కాపీ ఆదేశంతో ప్రతి తీయడం తరచు కనిపించే పొరపాటు. 40 గిగాబైట్ల ఫైల్‌ను సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో చదివితే దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. ప్రతిలోని మొదటి భాగం తొమ్మిది గంటలకు చెందినదైతే చివరి భాగం తొమ్మిది గంటల ఏడు నిమిషాలకు చెందినది. అటువంటి డిస్క్ ఏ క్షణంలోనూ ఉనికిలో లేదు. జర్నల్ ఒక కాలానిది, పట్టికలు మరొక కాలానివి కనుక జర్నల్ కూడా దానిని కాపాడలేదు.

స్నాప్‌షాట్ ఒక్క క్షణాన్ని పట్టుకొంటుంది. ఆ క్షణంలో కరెంటు పోయి ఉంటే డిస్క్ ఎలా ఉండేదో అలా ఉంటుంది. జర్నల్ గల ఫైల్ సిస్టమ్ దాని నుంచి కోలుకొంటుంది. కాని గెస్ట్ మెమరీలో ఉండి డిస్క్‌కు చేరని పని అందులో ఉండదు. అందువల్ల స్నాప్‌షాట్‌కు ముందు గెస్ట్‌లోని ఏజెంట్ ద్వారా ఫైల్ సిస్టమ్‌ను క్షణకాలం ఘనీభవింపజేస్తారు. పేజీలన్నీ డిస్క్‌కు చేరి, కొత్త రాతలు ఆగి ఉన్నప్పుడు స్నాప్‌షాట్ తీసి, వెంటనే వదిలివేస్తారు. విండోస్‌లో ‘వాల్యూమ్ షాడో కాపీ’ సేవ ఇదే పనిని డేటాబేస్‌ల సహకారంతో చేస్తుంది. గెస్ట్‌కు రెండు డిస్కులు ఉండి, డేటాబేస్ ఒకదానిపై, దాని లాగ్ రెండవదానిపై ఉంటే రెండింటినీ ఒకే క్షణాన పట్టుకోవడం తప్పనిసరి.

స్నాప్‌షాట్ ఉన్నదంటే బ్యాకప్ ఉన్నట్లు కాదు. అది అదే ఇమేజ్‌లోనో, అదే మూలంపై ఆధారపడిన పొరలోనో, అదే హోస్ట్ డిస్క్‌పైనో ఉంటుంది.

7. మౌనంగా జరిగే మార్పు

ఇప్పటివరకు చెప్పినవన్నీ సక్రమంగా ఉన్నా, రాసిన బిట్లు కాలక్రమంలో మారిపోవచ్చు. లక్ష్మి బైరవసుందరం తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనం 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు పరిశీలించి, నాలుగు లక్షలకు పైగా చెక్‌సమ్ పొసగని సందర్భాలను నమోదు చేసింది. ఆ వ్యవస్థలలో ప్రతి బ్లాక్‌కు చెక్‌సమ్ ఉన్నందువల్లే ఇవి బయటపడ్డాయి. ఈఎక్స్‌టీ4 తన నిర్మాణ సమాచారానికి చెక్‌సమ్ ఉంచగలదు గాని ఫైల్ సారాంశానికి ఉంచదు. జడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెండింటికీ ఉంచుతాయి. ఇక్కడ వర్చువల్ మెషీన్లకు ప్రత్యేకమైన ఒక వల ఉంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌పై ఇమేజ్ ఫైల్ ముక్కలు ముక్కలుగా చెదిరి నెమ్మదిస్తుంది కనుక ఆ ఫైల్‌కు ‘కాపీ ఆన్ రైట్’ ఆపివేయమని పలుచోట్ల సలహా ఇస్తారు. అది ఆపితే చెక్‌సమ్‌లూ ఆగిపోతాయి. వేగం కోసం పాటించిన సలహా, ఆ ఫైల్ సిస్టమ్‌ను ఎంచుకొన్న కారణాన్నే తొలగిస్తుంది.

సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984 నాటి ప్రసిద్ధ పత్రంలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జరిగిన ఒక ఘటనను ప్రస్తావించారు. నెట్‌వర్క్ దారిలో ఒక్కొక్క అంచెలోనూ చెక్‌సమ్ ఉంది. అందుచేత ప్రోగ్రామర్లు ప్రసారాన్ని నమ్మారు. ఒక గేట్‌వే యంత్రం మాత్రం తన లోపలి బఫర్‌లో కాపీ చేసేటప్పుడు సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లను తారుమారు చేసేది. అంచెల చెక్‌సమ్‌లన్నీ సరిపోయాయి, ఫైళ్ళు చెడిపోయాయి. చివరకు పాత ముద్రిత ప్రతులతో చేతితో పోల్చి సరిదిద్దుకోవలసి వచ్చింది. డేటా నిజంగా సరిగా ఉందో లేదో చెప్పగలిగేది దాని రెండు కొసలే అన్నది వారి వాదం. పొరలు పెరిగిన వర్చువల్ డిస్క్‌కు ఇది మరింతగా వర్తిస్తుంది. పరిశోధన ఫైళ్ళకు గెస్ట్ లోపలే ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు లెక్కించి, ఆ జాబితాను ఇమేజ్‌కు వెలుపల ఉంచి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చిన ప్రతిపై మరల లెక్కించి పోల్చడం ఏ హైపర్‌వైజర్‌నూ నమ్మనక్కరలేని పరీక్ష.

8. చెడిన తరువాత

ఫైల్ సిస్టమ్ చెడినట్లు తెలిసిన వెంటనే ‘ఎఫ్‌ఎస్‌సీకే’ నడపడం అలవాటుగా మారింది. ఆ ప్రోగ్రామ్ లక్ష్యం నిర్మాణాన్ని పొందికగా చేయడమే. అందుకోసం పొసగని ఐనోడ్‌లను తుడిచివేయడానికీ, తల్లిదండ్రులు తెలియని ఫైళ్ళను పేర్లు లేకుండా ‘లాస్ట్ అండ్ ఫౌండ్’లో పడవేయడానికీ వెనుకాడదు. కింద ఇమేజ్ పట్టికలే చెడి ఉంటే, పైన జరిగే మరమ్మతు తప్పుడు బ్లాకులను చదివి ఉన్నవాటిని కూడా నాశనం చేస్తుంది. కనుక క్రమం ముఖ్యం. మొదట గెస్ట్‌ను ఆపి, ఇమేజ్‌ను వేరే డిస్క్‌కు యథాతథంగా కాపీ చేయాలి. అసలు డిస్క్ యాంత్రికంగా దెబ్బతిని ఉంటే దోషాలను దాటుకొంటూ చదివే ‘డీడీరెస్క్యూ’ వంటి ప్రోగ్రామ్‌తో ఈ పని చేయాలి. ఆ ప్రతిపైనే ఇమేజ్ పట్టికలను సరిచూడాలి. తరువాతే ఫైల్ సిస్టమ్ వంతు.

ఈ దశలో వర్చువల్ డిస్క్ ఒక సౌలభ్యాన్ని ఇస్తుంది. నిజమైన డిస్క్‌కు అది లేదు. చెడిన ప్రతిని మూలంగా పెట్టి, దానిపై ఖాళీ క్యూకౌ2 పొరను సృష్టించి, ఆ పొరను రక్షక గెస్ట్‌కు రెండవ డిస్క్‌గా తగిలించి, అక్కడ ఎఫ్‌ఎస్‌సీకే నడపవచ్చు. మరమ్మతు రాతలన్నీ పైపొరలోనే పడతాయి. మూలంలో ఒక్క బైటు కూడా మారదు. ఫలితాన్ని చెక్‌సమ్ జాబితాతో పోల్చి చూసి, తృప్తికరంగా లేకపోతే ఆ పొరను తొలగించి, అదే మూలంపై మరొక పొరతో, ఈసారి జర్నల్‌ను వదిలివేసో, ప్రత్యామ్నాయ సూపర్‌బ్లాక్ చూపించో మళ్ళీ మొదలుపెట్టవచ్చు.